జ్వరమొచ్చినా పనికి పోవలసిందేనా?

పాలమూరు కూలీ పేరు దేశంలో పెద్ద పనులు జరిగిన చోటల్లా వినబడుతుంది. నాగార్జునసాగర్ ఆనకట్టకు రాళ్ళు మోసినవీ, శ్రీశైలంలో మట్టి ఎత్తినవీ, బొంబాయి, పుణే, హైదరాబాదు నగరాలలో అంతస్తు మీద అంతస్తు లేపినవీ ఈ ప్రాంతపు చేతులే. ఉమ్మడి జిల్లా 2016లోను, 2019లోను విడిపోయి అయిదు జిల్లాలయింది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల పథకాల నీళ్ళు పారిన మండలాల్లో వలస కొంత తగ్గింది. అయినా నీరు చేరని ఊళ్ళ నుంచి బొంబాయి బస్సు ఎక్కేవారు ఇంకా ఉన్నారు.

ఈ కూలీల గురించి సైట్లలో తరచు వినబడే మాట ఒకటి ఉంది. వీళ్ళకు ఒంటి మీద శ్రద్ధ లేదనీ, జ్వరం వస్తే చెప్పరనీ, పడిపోయిన తరువాతే చెబుతారనీ పని చేయించేవారు అంటుంటారు. ఊళ్ళో మనవాళ్ళు సైతం "మొండి మనిషి, చెబితే వినడు" అని సరిపెట్టుకుంటారు. ఈ మాటలో నిజం తక్కువ. కూలీ తెలియక పోవడం లేదు, లెక్క తెలిసే పోతున్నాడు. ఆ లెక్క జ్వరం వచ్చిన రోజు సైటులో వేసుకున్నది కూడా కాదు. బయానా చేతిలో పడిన రోజు, మన ఊళ్ళోనే, మన అరుగు మీదనే తేలిపోయిన లెక్క అది.

బయానా వేసిన ముడి

గుంపు మేస్త్రీ పద్ధతి ఈ జిల్లా వారికి కొత్తగా చెప్పవలసినది కాదు. పంటలు చేతికొచ్చి చేలో పని అయిపోయిన తరువాత మేస్త్రీ ఊళ్ళోకి వస్తాడు. జంటకు ఇంత అని బయానా ఇస్తాడు. ఆ డబ్బు చాలా ఇళ్ళలో సంచిలోకి చేరకముందే అయిపోతుంది. బోరు ఎండిపోయి చేసిన అప్పుకో, బిడ్డ పెళ్ళికో, ముసలివాళ్ళ ఆసుపత్రి ఖర్చుకో వెళ్ళిపోతుంది. అప్పటి నుంచి ఆ జంట మేస్త్రీకి డబ్బు కాదు, దినాలు బాకీ పడుతుంది.

ఈ తేడా గమనించవలసినది. డబ్బు బాకీ ఉన్నవాడు జ్వరమొస్తే పడుకోవచ్చు, తరువాత తీర్చుకోవచ్చు. దినాలు బాకీ ఉన్నవాడు పడుకున్న ప్రతి రోజూ బాకీ నిలిచే ఉంటుంది, పైగా ఆ రోజు తిండి ఖర్చు దాని మీద చేరుతుంది. నాగా పెట్టిన రోజు కూలి రాదు, తిన్న బియ్యం ఖాతాలో పడుతుంది. అంటే జబ్బు రోజు ఖాళీ రోజు కాదు, వెనక్కు నడిచిన రోజు.

మేస్త్రీని మాత్రమే దోషిగా నిలబెట్టడం సరికాదు. చాలామంది మేస్త్రీలు మన ఊరివారే, మన చుట్టాలే. వారు కూడా పై కాంట్రాక్టరు వద్ద డబ్బు తీసుకుని, ఇన్ని చేతులు తెస్తానని మాట ఇచ్చి వచ్చినవారే. పై కాంట్రాక్టరుకు కంపెనీ ఉంది, కంపెనీకి గడువు ఉంది. గడువు దాటితే పడే నష్టాన్ని ప్రతి మెట్టులోనూ కింది వాడి మీదికి తోస్తారు. అలా తోయగా తోయగా చివరికి ఆ బరువు జ్వరంతో ఉన్న మనిషి నెత్తిన పడుతుంది. అతని కింద తోయడానికి ఇంక ఎవరూ లేరు.

ఒక నాగా ఖరీదు ఎంత?

లెక్క తెలియడానికి ఒక జంటను ఊహించుకుందాం. మగవానికి రోజుకు 700 రూపాయలు, ఆడమనిషికి 500 రూపాయలు అనుకుందాం. ఇద్దరికీ కలిపి రోజుకు 1,200. నెలలో 26 రోజులు పని చేస్తే 31,200 రూపాయలు. అందులో తిండికి, పై ఖర్చులకు 6,000 పోతుంది. మేస్త్రీ బయానా కింద నెలకు 15,000 పట్టుకుంటాడనుకుంటే 10,200 మిగులుతుంది. ఊళ్ళో లక్ష రూపాయల అప్పుకు నూటికి రెండు రూపాయల చొప్పున నెలకు 2,000 వడ్డీ. చివరికి 8,200 రూపాయలు ఇంటి వద్ద ఉన్న పిల్లలకు, ముసలి తల్లిదండ్రులకు పంపవచ్చు.

ఇప్పుడు మగవానికి అయిదు రోజులు జ్వరం వచ్చిందనుకోండి. భార్య పక్కన ఉండి చూసుకోవాలి గనుక ఇద్దరి పనీ పోతుంది. కూలి నష్టం 6,000. ప్రైవేటు డాక్టరుకు, రక్తపరీక్షకు, మందులకు 1,500. మొత్తం 7,500. ఇంటికి పోవలసిన 8,200లో మిగిలేది 700 రూపాయలు. నెల రోజులు పిల్లలు, ముసలివాళ్ళు తినవలసింది ఈ 700తోనే.

మరో దారి కూడా ఉంది. పక్క దుకాణంలో పది రూపాయలిస్తే మాత్రలు వస్తాయి. రెండు మింగితే ఒంటి వేడి దిగుతుంది. పనిలోకి పోవచ్చు. కూలి నిలుస్తుంది. ఆ పూట లెక్కకు ఇదే లాభం. కనుక అతను మాత్ర మింగి పరంజా ఎక్కుతాడు. ఇందులో మొండితనం ఎక్కడుంది?

అయితే ఈ లెక్కలో దాగిన రెండవ పేజీ ఒకటి ఉంది. మొదటి రోజే పరీక్ష చేయించుకుని అయిదు రోజులు పడుకోవలసిన జబ్బు, లోపల ముదిరి పదిహేను రోజులు పడవేస్తే ఏమవుతుంది? ఆ నెల పని దినాలు పదకొండే. వచ్చేది 13,200. తిండి పోగా 7,200. అది మేస్త్రీ పట్టుకునే 15,000లో సగానికి కూడా చాలదు. వడ్డీకి లేదు, ఇంటికి లేదు. బాకీ దినాలు వచ్చే ఏటికి జరుగుతాయి. ఒక్క జ్వరంతో ఒక కుటుంబం మరో ఏడాది అదే బస్సు ఎక్కవలసి వస్తుంది. కొన్ని ఇళ్ళలో మనిషే తిరిగి రాడు.

గుంపులో ఒకడు తగ్గితే

దినకూలి కంటే గుత్త పనిలో ఈ ఇబ్బంది ఎక్కువ. స్లాబు పోసేందుకు ఇంత అని గుత్త మాట్లాడుకుంటే, వచ్చిన డబ్బు గుంపులో అందరూ పంచుకుంటారు. కాంక్రీటు పోయడం మొదలైతే మధ్యలో ఆపడానికి వీలు లేదు. పది మంది చేయవలసిన పని తొమ్మిది మంది మీద పడితే వారి నడుములు పడిపోతాయి. పడుకున్నవాని వాటా గురించి చిన్న మాట వస్తుంది. ఊరి మనుషుల మధ్య అటువంటి మాట పడడం కంటే జ్వరంతో తట్ట మోయడమే నయమని చాలామంది అనుకుంటారు. పైవాడి గద్దింపు కంటే తోటివాడి చూపు ఎక్కువ బాధిస్తుంది.

మరో భయం చోటు గురించినది. జంటలో ఒకరు వారం రోజులు పడుకుంటే వేరే జంటను తెస్తారేమోననీ, షెడ్డు ఖాళీ చేయమంటారేమోననీ అనుమానం. సైటులో పని, తల దాచుకునే రేకుల షెడ్డు రెండూ ఒకరి చేతిలోనే ఉన్నప్పుడు, పని పోవడమంటే నీడ పోవడం కూడా. పరాయి ఊళ్ళో జ్వరంతో, పిల్లలతో రోడ్డు మీద నిలబడే ధైర్యం ఎవరికి ఉంటుంది?

ఆడవారి సంగతి ఎవరూ అడగరు

ఆడకూలీకి జబ్బు రోజు అంటూ లేనే లేదు. పనిలోకి పోకపోయినా పొయ్యి వెలిగించాలి, నీళ్ళు మోయాలి, చంటిబిడ్డను చూడాలి. జంట లెక్కన బయానా తీసుకున్నారు గనుక ఆమె నాగా పెడితే జంటే తగ్గినట్లు. మరుగుదొడ్డి సరిగా లేని సైట్లలో చాలామంది ఆడవారు పగలంతా నీళ్ళు తాగకుండా పని చేస్తారు. దానివల్ల మూత్రంలో మంట, నడుము నొప్పి, చలిజ్వరం వస్తాయి. ఆ సంగతి మేస్త్రీకి చెప్పుకోలేరు, పరాయి భాష డాక్టరుకు విప్పి చెప్పలేరు. నొప్పి మాత్ర ఒకటి కొంగున కట్టుకుని పనిలోకి పోతారు. గర్భిణి అయితే నెలలు దగ్గర పడేవరకు ఇటుకలు మోయడం కూడా ఉన్నదే.

మాత్ర అణచినది వేడిని, జబ్బును కాదు

సైట్ల వద్ద జ్వరాలు ఊరికే రావు. స్లాబు గట్టిపడేందుకు దాని మీద నీళ్ళు నిలుపుతారు. డ్రమ్ములలో, తొట్లలో, లిఫ్టు గుంటలలో నీళ్ళు రోజుల తరబడి నిలుస్తాయి. పట్టణ మలేరియాను మోసే దోమకు, డెంగీ దోమకు ఇటువంటి నీళ్ళే పుట్టిల్లు. బొంబాయి నగరంలో కట్టడాల వద్ద మలేరియా ఎన్నో ఏళ్ళుగా పెద్ద సమస్య కావడానికి కారణం ఇదే. జ్వరంతో ఉన్న కూలీ అదే షెడ్డులో పడుకుంటే, అతన్ని కుట్టిన దోమ కొద్ది రోజుల తరువాత పక్కవానికి మలేరియా అంటిస్తుంది. ఒకడు దాచిన జ్వరం చివరికి గుంపు జ్వరమవుతుంది.

జ్వరం మాత్రతో వేడి దిగుతుంది, మలేరియా పురుగు చావదు. దానికి రక్తపరీక్ష చేయించుకుని, ఏ రకమో తెలుసుకుని, ఆ మందే వాడాలి. ఒక రకం మలేరియాకు కాలేయంలో దాగిన పురుగు పోవడానికి 14 రోజుల మందు ఉంటుంది. మూడో రోజుకు ఒళ్ళు తేలికపడగానే మాత్రలు మానేస్తే నెలల తరువాత అదే జ్వరం మళ్ళీ లేస్తుంది.

డెంగీ సంగతి మరీ మోసం. జ్వరం తగ్గిన రోజే ప్రమాదం మొదలు కావచ్చు. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల వేడి దిగి, కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి గాని ముక్కు నుంచి గాని రక్తం కనబడితే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి చేరాలి. "జ్వరం తగ్గింది, పనికి పో" అనే మాట ఆ రోజున ప్రాణం మీదికి తెస్తుంది. డెంగీ అని అనుమానం ఉన్నప్పుడు నొప్పి తగ్గించే ఘాటు మాత్రలు, సూదులు రక్తస్రావాన్ని పెంచుతాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు తక్కువ తాగే మనిషి రోజూ నొప్పి మాత్రలు మింగితే మూత్రపిండాలకు కూడా చేటు.

దగ్గు సంగతీ అంతే. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం కనబడితే క్షయ పరీక్ష చేయించుకోవాలి. రాయి కోసేచోట, కంకర మిల్లుల వద్ద లేచే దుమ్ము ఏళ్ళ తరబడి ఊపిరితిత్తులలో పేరుకున్నవారికి క్షయ త్వరగా పట్టుకుంటుంది. మామూలు క్షయకు ఆరు నెలల మందు. ఊళ్ళో మందు మొదలుపెట్టి రెండు నెలలకు వలస పోయి మానేసినవారికి ఆ జబ్బు మొండికేస్తుంది. తరువాత మందులు లొంగవు. ఈ మందు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. 2018లో మందు వాడే రోజులలో పోషకాహారానికి నెలకు 500 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టి, 2024 నవంబరు నుంచి దానిని 1,000 రూపాయలు చేశారు. వలస పోయేముందు ఆసుపత్రిలో చెబితే, పోయిన ఊరి ఆసుపత్రికి చికిత్స బదిలీ చేయవచ్చు. కావలసింది అడగడమే.

జ్వరంతో కళ్ళు తిరిగే మనిషి పరంజా మీద ఉంటే అతని ప్రాణానికే కాదు, కింద ఉన్నవారి ప్రాణానికి కూడా ముప్పు. ఇటుక జారినా, కర్ర జారినా కింద పిల్లలుంటారు.

చట్టాలు ఏమంటున్నాయి?

వలస కూలీ జబ్బు గురించి ప్రభుత్వాలకు తెలియక కాదు. ఒరిస్సాలో సర్దార్లు, ఖాతాదార్లు అనే దళారులు కూలీలను దూరపు ప్రాజెక్టులకు తీసుకుపోయే దాదన్ పద్ధతి ఉండేది. నెలనెలా లెక్క తేలుస్తామని చెప్పి తీసుకుపోయి, ఆ మాట తప్పేవారు. మన గుంపు మేస్త్రీ పద్ధతికి అది దగ్గరి చుట్టం. ఆ బాధల వల్లనే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది, 1980 అక్టోబరు 2 నుంచి అమలయింది. కూలీకి పాసుపుస్తకం ఇవ్వాలనీ, ప్రయాణ ఖర్చులివ్వాలనీ, వైద్యం ఉచితంగా చేయించాలనీ అందులో రాశారు. అయిదుగురు వలస కూలీలున్న కాంట్రాక్టరుకు కూడా అది వర్తించేది. పాసుపుస్తకం చూసిన కూలీలు ఎందరున్నారో మన ఊళ్ళలో అడిగితే తెలుస్తుంది.

ఆ చట్టం ఇప్పుడు విడిగా లేదు. 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌లో అది కలిసిపోయింది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. కొత్త కోడ్‌లో వలస కూలీల భాగం వర్తించాలంటే సంస్థలో పది మంది అంతర్రాష్ట్ర వలస కూలీలుండాలి. దళారీ ద్వారా కాక సొంతంగా పోయినవారిని కూడా ఇందులో లెక్కిస్తారు, అది మేలు. నియామక పత్రం ఇవ్వాలనీ, ఈఎస్ఐ వంటి సౌకర్యాలు వలస కూలీకీ వర్తింపజేయాలనీ ఇందులో ఉంది. అయితే హైదరాబాదు పోయే పాలమూరు కూలీ రాష్ట్రం దాటడు గనుక అంతర్రాష్ట్ర కూలీ కాడు. బాధ ఒకటే అయినా కాగితం మీద వేరు.

సైటులో పడి కాలు విరిగితే నష్టపరిహారం చట్టం 1923 నుంచి ఉంది. అది కూడా ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో చేరింది. కాని ఆ పరిహారం పని వల్ల కలిగిన ప్రమాదానికి, కొన్ని వృత్తి జబ్బులకు మాత్రమే. మామూలు జ్వరానికి పరిహారం లేదు. జ్వరపు రోజులకు కూలి ఇచ్చే ముఖ్యమైన దారి ఈఎస్ఐ ఒక్కటే. 2015 ఆగస్టు 1 నుంచి దానిని కట్టడాల కూలీలకు కూడా విస్తరించారు. కూలీ వేతనంలో నూటికి 75 పైసలు, యజమాని 3 రూపాయల 25 పైసలు కట్టాలి. జబ్బు పడితే కూలిలో నూటికి 70 వంతున ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. వినడానికి బాగుంది. అయితే ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా కట్టి ఉండాలి. హాజరు పుస్తకంలో పేరే లేనివాడు, రెండు నెలలకొక సైటు మారేవాడు, మేస్త్రీ పేరు కింద "ఇరవై మంది" అని అంకెగా మాత్రమే ఉన్నవాడు ఈ 78 రోజులు ఎక్కడ చూపగలడు?

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధి సంగతి కూడా ఇటువంటిదే. 1996 చట్టాల కింద కట్టడపు ఖర్చులో నూటికి ఒక రూపాయి సెస్సు వసూలు చేసి నిధి ఏర్పరచారు. 18 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసు ఉండి, ఏడాదిలో 90 రోజులు కట్టడాల పని చేసినవారు పేరు నమోదు చేయించుకోవచ్చు. పేరు నమోదైనవారికే సాయం. పని ఒక రాష్ట్రంలో, ఇల్లు మరో రాష్ట్రంలో ఉన్నవాడు ఏ ఆఫీసుకు పోవాలో చెప్పేవారు లేక మానేస్తున్నాడు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అనవచ్చు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం పేదలకు పెద్ద ఆసరా అయింది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు. గుండె ఆపరేషన్‌కు అది పనికి వస్తుంది. మూడు రోజుల జ్వరానికి, పోయిన కూలికి అది పనికి రాదు. కూలీ ప్రాణం ఆపరేషన్ బల్ల దాకా పోకముందే కాపాడవలసినది ఆ మూడు రోజులలోనే.

ఇక్కడ సుప్రీంకోర్టు చెప్పిన ఒక మాట గుర్తు చేసుకోవాలి. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలకు స్టేడియాలు కట్టిన కూలీలకు రోజుకు 9 రూపాయల 25 పైసల కనీస వేతనం ఉంటే, జమాదార్లు అందులో ఒక రూపాయి కమీషన్ పట్టుకుని మిగతాది ఇచ్చేవారు. ఆ కేసులో కోర్టు, కర్రతో కొట్టి చేయించినదే బలవంతం కాదనీ, ఆకలి, పేదరికం వెనుక నుంచి తోసి కనీస వేతనం కన్నా తక్కువకు చేయించిన పని కూడా బలవంతపు చాకిరీయేననీ తేల్చింది. జ్వరంతో తట్ట మోసే మనిషిని ఎవరూ కొట్టడం లేదు. అతన్ని తోసేది కూడా ఆ ఆకలే. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఇప్పటికీ ఉంది. బయానా బాకీ చూపి, జబ్బు మనిషిని ఊరికి పోనివ్వకుండా ఆపితే అది వెట్టి కిందికి వస్తుంది. కలెక్టరుకు గాని, ఆర్డీఓకు గాని ఫిర్యాదు చేయవచ్చు.

దవాఖానా తెరిచే వేళ, పని వేళ ఒకటే

ప్రభుత్వ ఆసుపత్రిలో చీటీ రాసేది పొద్దున. పని మొదలయ్యేదీ పొద్దుననే. అంటే ఉచిత వైద్యానికి పోవాలన్నా ఒక దినం కూలి చెల్లించినట్లే. అందుకే ఉచితంగా ఉన్న ఆసుపత్రి వదిలి, రాత్రి ఎనిమిదింటికి సూది వేసే ప్రైవేటు మనిషి వద్దకు పోతారు. హైదరాబాదులో 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు పేదలకు మేలు చేసినా, అవీ ప్రధానంగా పగటి వేళవే. బొంబాయిలో 2022లో మొదలైన ఆప్లా దవాఖానాలు సాయంత్రాలు కూడా తెరిచేలా పెట్టారు. కూలీకి అసలైన దవాఖానా అటువంటిది. కేరళ ప్రభుత్వం 2017లో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీల కోసం ఆవాజ్ అనే బీమా పెట్టి, 15,000 రూపాయల చికిత్సకు, ప్రమాదంలో పోతే 2 లక్షలకు ఏర్పాటు చేసింది. చేయాలనుకుంటే ప్రభుత్వాలకు దారి ఉందనడానికి ఇది చాలు.

బస్సు ఎక్కే ముందే మాట్లాడుకోవాలి

ఇన్ని చెప్పిన తరువాత తేలేది ఒకటే. జ్వరం వచ్చిన పొద్దున మేస్త్రీతో వాదించి గెలవడం కూలీకి సాధ్యం కాదు. ఆ వేళకు అతని చేతిలో ఏమీ ఉండదు. అతని మాటకు విలువ ఉండేది బయానా తీసుకోకముందే. మేస్త్రీకి మనుషులు కావలసి, మన ఇంటి ముందుకు వచ్చి కూర్చున్న రోజున అడగవలసినవి అడగాలి.

ఆ రోజున నాలుగు మాటలు కాగితం మీద పెట్టించుకోవాలి. కంపెనీ పేరు, సైటు ఉన్న చోటు, కూలి ఎంత అన్నది మొదటిది. జబ్బు పడిన మొదటి మూడు రోజుల తిండి ఖర్చు బాకీలో రాయరాదన్నది రెండవది. రక్తపరీక్ష, మందుల ఖర్చు ఎవరిదన్నది మూడవది. జబ్బు ముదిరితే ఊరికి చేర్చే బాధ్యత, బస్సు చార్జీ ఎవరివన్నది నాలుగవది. ఈ కాగితం పంచాయతీలో సర్పంచు, ఇద్దరు పెద్దల ఎదుట రాయించి ఒక ప్రతి అక్కడ ఉంచాలి. ఒక్కొక్క జంట అడిగితే మేస్త్రీ వేరే జంటను చూసుకుంటాడు. ఊరు ఊరంతా అడిగితే కాదనలేడు.

గుంపు తనంత తాను చేసుకోగలిగినది కూడా ఉంది. ఇరవై మంది గుంపులో ఒక్కొక్కరు పని రోజుకు పది రూపాయలు పక్కన పెడితే నెలకు 5,200 రూపాయలవుతుంది. 700 చొప్పున ఏడు జబ్బు దినాల కూలి అందులో నుంచి ఇవ్వవచ్చు. చిట్టీ వేసుకోవడం తెలిసిన మనుషులకు ఇది కష్టం కాదు. పడుకున్నవాని కూలి ఆ డబ్బులో నుంచి పోతుంటే తోటివాడి చూపు మారుతుంది.

పంచాయతీలు ఎవరు, ఎక్కడికి, ఎవరి వెంట పోతున్నారో ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. 2020 లాక్‌డౌన్ రోజులలో మనవాళ్ళు ఎక్కడ చిక్కుకున్నారో చెప్పలేక ఎన్ని ఊళ్ళు అల్లాడాయో మరువరాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వలస పోయే నెలలలో క్షయ, రక్తపోటు, చక్కెర పరీక్షలు చేసి, వాడుతున్న మందులు నెల సరిపడా ఇచ్చి పంపాలి. కార్మిక శాఖ వారు బస్సులు కదిలే ఊళ్ళకే వచ్చి, కట్టడాల కార్మికుల నమోదు అక్కడే చేయాలి. ఈఎస్ఐ నంబరు ఇవ్వని కాంట్రాక్టరు పేరు అక్కడే రాసుకోవాలి.

ఇంటి వద్ద ఉన్నవారు కూడా ఒక పని చేయాలి. ఫోనులో "డబ్బు ఎప్పుడు పంపుతావు" అన్న ప్రశ్నకు ముందు "ఒళ్ళు ఎట్లుంది" అని అడగాలి. అటునుంచి "బాగనే ఉంది" అన్న జవాబు వచ్చినా, గొంతులో దగ్గు వినబడితే మరోసారి అడగాలి. ఒక నెల వడ్డీ ఆగితే సాహుకారు నాలుగు మాటలంటాడు, అంతే. మనిషి ఆగిపోతే ఆ ఇంటి అప్పు తీర్చేవారు ఎవరూ ఉండరు.